సముద్రతీరపు తమ్మతీగ దక్షిణానికి ఎలా పాకుతోంది, దాని కాపులో తేనెటీగల వంతు ఎంత?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుని సమాధానంలోకి వెళతాను. మీరు శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరంలో, కాఫ్స్ హార్బర్ దగ్గర ఉంటున్నారు. అక్కడి ఇసుక తిన్నెల మీద గులాబీ రంగు పూలతో పాకే చిక్కుడు జాతి తీగ ఒకటి కనిపించింది. చిన్నప్పుడు బారువ తీరంలో చూసిన తీగ అదేనని గుర్తుపట్టారు. ఇది ఉష్ణమండలపు మొక్క అనీ, ఒకప్పుడు ఇంత దక్షిణాన కనిపించేది కాదనీ అక్కడి పాతకాపులు చెబుతున్నారు. పూల మీద తేనెటీగలే ఎక్కువగా వాలుతున్నాయి. సముద్రం వేడెక్కడం వల్లనే ఈ తీగ దక్షిణానికి వస్తోందా, ఆ తేనెటీగలు నిజంగా పరాగసంపర్కం చేస్తున్నాయా లేక తేనె తాగి పోతున్నాయా, దీన్ని కలుపుగా భావించి పీకివేయాలా అన్నవి మీరు అడిగిన మూడు విషయాలు.

సూటిగా చెప్పాలంటే, విత్తనం అంత దూరం రావడానికి కారణం సముద్ర ప్రవాహం. అది వేడి పెరగడానికి ముందు కూడా వస్తూనే ఉంది. వెచ్చబడిన చలికాలం వల్ల మొలక బతికే అవకాశం పెరిగింది. అయితే ఆ తీగ అక్కడ తన సంతానంతో స్థిరపడిందా, లేక సముద్రం ఏటా తెచ్చి పడేసే విత్తనాలతోనే కనిపిస్తోందా అన్నది కాయలను, మొలకలను చూసి మాత్రమే చెప్పగలం; ఆ కాయలు పట్టడం పూల మీదికి వచ్చే ఈగల (తేనెటీగ, తుమ్మెద లాంటివాటి) మీద ఆధారపడి ఉంటుంది. తేనెటీగ కొంత పని చేస్తుంది, కానీ ఈ పువ్వు నిర్మాణానికి సరిపోయేది తుమ్మెద. మూడో ప్రశ్నకు నా సమాధానం స్పష్టం: పీకవద్దు.

నేను వృక్షశాస్త్రం బోధిస్తూ ఉత్తరాంధ్ర తీరంలోని ఇసుక తిన్నెల మొక్కలను చాలా ఏళ్ళుగా పరిశీలిస్తున్నాను. మీరు చూసినదీ ఇక్కడిదీ ఒకే జాతి కనుక పువ్వుకు సంబంధించినంత వరకు నా అనుభవం మీకు నేరుగా ఉపయోగపడుతుంది.

ముందు మొక్కను నిర్ధారించుకోండి. దీని శాస్త్రీయ నామం కనవాలియా రోజియా. పాత పుస్తకాల్లో కనవాలియా మారిటైమా అనీ, కనవాలియా ఆబ్టుసిఫోలియా అనీ ఉంటుంది. మన పెరట్లో పందిరికి పాకించే తమ్మకాయకు ఇది దగ్గరి బంధువు. ఒక్కో ఆకుకు మూడు పత్రకాలు ఉంటాయి. అవి దళసరిగా, దాదాపు గుండ్రంగా, తరచుగా కొసన చిన్న నొక్కుతో ఉంటాయి. మధ్యాహ్నపు ఎండలో పత్రకాలు పైకి మడుచుకుని అంచును మాత్రమే సూర్యుడికి చూపుతాయి. పత్రకాలు పలచగా, కొసన మొనదేలి ఉంటే అది కనవాలియా కథార్టికా అయి ఉండవచ్చు. పూలు పసుపు రంగులో ఉంటే విగ్నా మరీనా. ఆకు రెండుగా చీలి, పువ్వు గరాటులా ఉంటే అది మన బాలబందు తీగ. చిక్కుడు కుటుంబానిది కాదు. ఈ నాలుగూ ఒకే తిన్నె మీద కలిసి పెరగగలవు కనుక దూరం నుంచి తీసిన ఫొటో సరిపోదు. పువ్వును, ఆకును, కాయను విడివిడిగా దగ్గరగా తీయండి.

ఇక వ్యాప్తి సంగతి. ఈ తీగ ఉష్ణమండల తీరాలన్నిటా ఉంది: భారతదేశపు రెండు తీరాలు, ఆగ్నేయాసియా, పసిఫిక్ ద్వీపాలు, ఆఫ్రికా, అమెరికా ఖండాలు. ఒకే జాతి ఇంత విస్తారంగా ఉండటానికి కారణం దాని విత్తనమే. కాయ ఎండి ఇసుకలో పడిన తరువాత పెద్ద అల వచ్చి గింజలను ఎత్తుకుపోతుంది. గోధుమ రంగు మీద మరకలున్న ఆ గింజ బీజకవచం నీటిని లోపలికి రానివ్వదు, లోపలి పప్పు తేలికగా ఉంటుంది, అందువల్ల అది చాలా కాలం తేలుతుంది. ఒడ్డుకు చేరి ఇసుక రాపిడికి కవచం గీసుకుపోయాక గాని నీరు లోపలికి దిగదు, మొలక రాదు. మీరు ఒడ్డున ఏరిన గింజను మొలకెత్తించాలనుకుంటే గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది, నానబెట్టి చూడండి. రుద్దకుండా నాటిన గింజ చాలా కాలం అలాగే ఉండిపోవచ్చు.

సముద్రం ఈ మొక్కను ఎంత దూరం తీసుకుపోగలదో తెలుసుకోవడానికి రెండు సంగతులు చాలు. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలి ఆ దీవి మీది జీవజాలం తుడిచిపెట్టుకుపోయిన తరువాత, కొద్ది దశాబ్దాల్లోనే ఒడ్డున ఏర్పడిన తొలి మొక్కల గుంపుల్లో బాలబందు తీగతో పాటు కనవాలియా కూడా ఉంది. హవాయి దీవుల్లో మాత్రమే పెరిగే కనవాలియా జాతుల పూర్వీకురాలు ఇలా సముద్రం మీద తేలివచ్చిన మొక్కే అని 2011లో వెలువడిన డి.ఎన్.ఎ. పరిశోధన చూపింది. కడలి దాటి చేరిన గింజల సంతతి, తీరాన్ని వదిలి లోపలి కొండల దాకా పాకి, కొత్త జాతులుగా మారిందన్నమాట.

ఇప్పుడు ప్రపంచ పటం ఒకసారి తెరిచి చూడండి. ఈ జాతి, దీని దగ్గరి బంధువులు ఉష్ణమండలం దాటి ఎక్కడెక్కడ ధ్రువాల వైపు జరిగాయో గమనిస్తే ఒక పోలిక కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా తూర్పు తీరం వెంబడి అగుల్హాస్ ప్రవాహం ఉంది, అక్కడ ఈ తీగ ఉష్ణమండలం దాటి క్వాజులు-నటాల్ తీరం వెంట పెరుగుతుంది. జపాన్ పక్కన కురోషియో ప్రవాహం ఉంది. ఒకినావా దీవులలో ఈ తీగ, అంతకన్నా ఉత్తరాన దాని బంధువు కనవాలియా లీనియేటా పెరుగుతున్నాయి. మీ తీరం పక్కన తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం ఉంది. ఇవన్నీ ఖండాల తూర్పు అంచుల వెంట భూమధ్యరేఖ వైపు నుంచి ధ్రువం వైపు పరుగెత్తే వెచ్చని ప్రవాహాలు. అవి గింజను మోసుకుపోతాయి, అదే సమయంలో ఒడ్డును చల్లబడనివ్వవు. కాబట్టి కాఫ్స్ హార్బర్ దగ్గర ఉష్ణమండలపు తీగ కనిపించడం వింత కాదు. మీకు ఎదురుగా ఉన్న సాలిటరీ దీవుల చుట్టూ పగడాలు, చల్లని నీటి సముద్రపు నాచు పక్కపక్కనే ఉంటాయి. అదీ ఈ ప్రవాహం పుణ్యమే.

ఆ ప్రవాహపు దక్షిణ కొస గత శతాబ్దం మధ్య నుంచి బలపడుతూ మరింత దక్షిణానికి చొచ్చుకుపోతోంది. ఆగ్నేయ ఆస్ట్రేలియా తీర సముద్రం ప్రపంచ సగటు కన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడెక్కుతున్న ప్రాంతాల్లో ఒకటి. అందుచేత మీ ఊరి పాతకాపులు చెప్పేది నమ్మదగినదే. కానీ దాన్ని రుజువుగా తీసుకునే ముందు మూడు జాగ్రత్తలు పాటించాలి.

ఒకటి, చూసే కళ్ళు పెరిగాయి. ఒకప్పుడు ఒక తీరంలో ఒక మొక్క ఉందని చెప్పాలంటే వృక్షశాస్త్రవేత్త వెళ్ళి నమూనా తెచ్చి హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట, పెట్టాలి. ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతివారూ ఫొటో తీసి అంతర్జాలంలో పెడుతున్నారు. పాత నమూనా లేనంత మాత్రాన మొక్క అప్పుడు లేదని కాదు. వెతికినా దొరకలేదని ఎవరైనా రాసిపెట్టిన చోటు దొరికితే, అక్కడ ఇప్పుడు తీగ ఉంటే, అది గట్టి ఆధారం.

రెండోది, తీరపు మొక్కలకు ఒక చోట పుట్టి, తుఫానుకు కొట్టుకుపోయి, మళ్ళీ అక్కడే రావడం మామూలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖ తీరంలో తిన్నెల ముందు వరుస మొక్కలు కొట్టుకుపోయిన చోట్లు నేను చూశాను. తరువాత కొన్ని చోట్ల తీగలు తిరిగి వచ్చాయి, కొన్ని చోట్ల రాలేదు. ఆ మధ్య సంవత్సరాల్లో ఎవరైనా కొత్తగా వచ్చి చూసి ఉంటే, తరువాత వచ్చిన తీగను కొత్త వ్యాప్తిగానే భావించేవారు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, దాదాపు అందరూ మరచిపోయేది. పెద్ద పరుపులా పరుచుకున్న తీగ ఒకే మొక్క కావచ్చు. ఈ తీగ కణుపు కణుపుకూ వేళ్ళు దించుతూ మీటర్ల కొద్దీ సాగుతుంది. ఒక్క గింజ నుంచి వచ్చిన తీగ కొన్నేళ్ళలో తిన్నెనంతా కప్పగలదు. పైకి అది పచ్చని జనావాసంలా కనిపిస్తుంది, లోపల ఉన్నది ఒకే ప్రాణి. అలాంటి తీగ ఒక్క గింజనైనా కాయకుండా ఎంతో కాలం బతుకుతుంది. ఒక పెద్ద తుఫాను వచ్చి దాన్ని పెకలిస్తే ఆ చోట ఆ జాతి కథ ముగిసినట్టే. అందుకే తీగ పొడవును బట్టి వ్యాప్తిని కొలవకూడదు. కాయలనూ, విడిగా మొలిచిన పిల్ల మొక్కలనూ లెక్కపెట్టాలి.

విడి మొలకను ఇలా గుర్తుపట్టవచ్చు. పక్కన ఇసుకను వేళ్ళతో మెల్లగా తొలిచి చూడండి. గింజ నుంచి పుట్టినదైతే నిలువుగా కిందికి దిగిన తల్లివేరు ఉంటుంది. కణుపు నుంచి లేచిన కొమ్మ అయితే ఇసుక కింద అడ్డంగా సాగే పాత కాండం చేతికి తగులుతుంది. చూశాక ఇసుక కప్పివేయండి. మీ వైపు చలికాలం జూన్ నుంచి ఆగస్టు వరకు కనుక, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బతికి ఉన్న మొలకలే చలిని దాటినట్టు లెక్క.

ఇప్పుడు పువ్వు దగ్గరికి వస్తాను. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే మొక్కల వ్యాప్తి గురించి అడిగేవారు ఉష్ణోగ్రత దగ్గర ఆగిపోతారు గాని ఈగ సంగతి అడగరు.

చిక్కుడు, కంది, బఠాణీ పూలను చూసినవారికి ఆ పూల అమరిక తెలుసు: పైన పెద్ద రేక ధ్వజం, పక్కన రెండు బాహువులు, కింద పడవలా కలిసిన ద్రోణి, దాని లోపల పది కేసరాలు, కీలం. ఈగ వచ్చి బాహువుల మీద వాలితే ద్రోణి కిందికి వంగి, కేసరాలు బయటికి వచ్చి ఈగ పొట్టకు పుప్పొడి అంటుతుంది. కనవాలియాలో ఇదంతా తలకిందులు. మొగ్గ విచ్చేలోగా పువ్వు తిరగబడుతుంది. ధ్వజం కిందికి వచ్చి ఈగ వాలే అరుగులా వెడల్పుగా పరుచుకుంటుంది. ద్రోణి, కేసరాలు పై కప్పులా నిలుస్తాయి. తేనె పువ్వు అడుగున, కేసరాల గొట్టం మొదట్లో ఉంటుంది. ఆ గొట్టంలో ఒక కేసరం మొదలు దగ్గర మాత్రం విడిగా ఉండి, దాని చెరో పక్క చిన్న సందు వదులుతుంది. నాలుక అక్కడి నుంచే లోపలికి పోవాలి.

మీరు ఒక పువ్వును కొమ్మ మీదే ఉంచి, ధ్వజాన్ని వేలితో పట్టుకుని, మొద్దు పెన్సిల్‌ను తేనె దిశగా లోపలికి నెట్టండి. కొంత బలం పెట్టాలి. అప్పుడు బాహువులూ ద్రోణీ కలిసి పైకి లేచి, వాటి మధ్య నుంచి కేసరాలు బయటపడి పెన్సిల్ పైభాగాన్ని రాస్తాయి. పెన్సిల్ తీసి చూస్తే పై పక్కనే పుప్పొడి ఉంటుంది, కింద ఉండదు. అంటే ఈ పువ్వు తన పుప్పొడిని వచ్చినవారి వీపు మీద పెడుతుంది. వీపు మీద పెట్టిన పుప్పొడిని ఈగ కాళ్ళతో దులిపి మూట కట్టుకోవడం కష్టం. తరువాతి పువ్వులో కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొస, కూడా అదే వీపును అదే చోట తాకుతుంది.

ఈ అమరికకు సరిపోయేది తుమ్మెద, అంటే జైలోకోపా ప్రజాతికి చెందిన పెద్ద నల్లని ఈగ. ఎండుకర్రలో, వెదురులో గుండ్రని బొరియ తొలిచి గూడు కట్టేది ఇదే. పెద్ద తుమ్మెదలు రెండు సెంటీమీటర్లకు మించి ఉంటాయి, బలమైన తల, మెడ ఉంటాయి. భీమిలి వైపు తిన్నెల మీద ఉదయం పూట నేను ఎక్కువగా చూసేది వీటినే. తుమ్మెద ధ్వజం మీద వాలి, ముందు కాళ్ళతో అంచును పట్టుకుని, తల దూర్చి ఒక్క తోపు తోస్తే పై రేకలు తెరుచుకుంటాయి. అది బయటికి వచ్చినప్పుడు నల్లని వీపు మధ్యలో లేత పసుపు చార స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చార కనిపించిందంటే పని జరుగుతున్నట్టే. అమెరికా ఖండాల్లో కూడా కనవాలియా పూలకు తుమ్మెదలే ముఖ్యమైన అతిథులు.

తేనెటీగ సంగతి వేరు. మీరు చూసే ఏపిస్ మెలిఫెరా ఆస్ట్రేలియాకు 1822లో ఐరోపా నుంచి వచ్చింది. ఆ తరువాత పెట్టెలు వదిలి అడవుల్లో స్వేచ్ఛగా బతకడం నేర్చుకుంది. దాని పొడవు తుమ్మెదలో సగం, బరువు అంతకన్నా చాలా తక్కువ. అప్పుడే విచ్చిన బిగువైన పువ్వును తెరవడం దానికి కష్టం. అందుకే అది సాధారణంగా రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. పక్క నుంచి, బాహువుల సందులోంచి నాలుక చాపి తేనె తాగవచ్చు. అలాంటప్పుడు అది కీలాగ్రాన్ని తాకదు, ఆ రాకకు విలువ లేదు. లేదా ముందే తెరుచుకున్న, కొంచెం వదులైన పువ్వులోకి నేరుగా దూరవచ్చు, కేసరాల మీద పాకుతూ పుప్పొడి సేకరించవచ్చు. అప్పుడు కీలాగ్రాన్ని తాకే అవకాశం ఉంది. కాబట్టి ఎన్ని తేనెటీగలు వచ్చాయని లెక్కపెట్టడం వల్ల లాభం లేదు, అవి ఏ దారిన లోపలికి పోతున్నాయో చూడాలి. ఫోన్‌లో నెమ్మదిగా కదిలే వీడియో తీయండి. ఈగ వెనుక కాళ్ళకు కట్టుకున్న పుప్పొడి ముద్ద మొక్కకు ఇక దక్కదు. వీపు మీద, రెక్కల మొదట్లో అంటుకున్న పొడి పుప్పొడి మాత్రమే మరో పువ్వుకు చేరుతుంది.

తక్కువ సమర్థత ఉన్నా, తేనెటీగలు సంఖ్యలో చాలా ఎక్కువ. ఒక్కో రాకలో తుమ్మెద చేసే పనిలో కొద్ది భాగమే చేసినా, తుమ్మెదలు లేని తీరంలో ఆ కొద్దిపాటి పనే కాయలు పట్టడానికి చాలవచ్చు. కొత్తగా వ్యాపించే మొక్కకు తన పాత భాగస్వామి వెంట రానప్పుడు, ఎక్కడికైనా సర్దుకుపోయే తేనెటీగ ఆ ఖాళీని కొంత పూరిస్తుంది. మీ తీరంలో జరుగుతున్నది ఇదేనని నా అభిప్రాయం, అయితే దాన్ని పరీక్షించి చూడాలి. పరీక్ష కష్టమైనది కాదు.

విచ్చబోయే మొగ్గలున్న కొన్ని పూగుత్తులకు పలుచని తెల్లని నెట్ సంచులు తొడిగి, మూతి దారంతో కట్టండి. ఈగ లోపలికి రాకూడదు. అన్నే పూగుత్తులకు దారం మాత్రం కట్టి వదిలేయండి. మూడో గుంపుకు సంచి తొడిగి, పూలు విచ్చిన రోజున మీరే సంచి విప్పి, చాలా దూరంలో ఉన్న మరో తీగ నుంచి తెచ్చిన పుప్పొడిని కీలాగ్రానికి సన్నని కుంచెతో రాసి మళ్ళీ కట్టేయండి. కొన్ని వారాల తరువాత మూడింటిలో ఎన్ని కాయలు నిలిచాయో పోల్చండి. సంచిలోని పూలు కాయకుండా, వదిలేసినవి కాస్తే ఈగ అవసరం తేలినట్టే. చేత్తో రాసినవాటికి బాగా కాసి, వదిలేసినవి తక్కువ కాస్తే మీ తీరంలో తగినన్ని ఈగలు లేవని అర్థం. సంచిలో ఉన్నవి కూడా కాస్తే ఆ తీగకు ఆత్మపరాగసంపర్కం సాధ్యమే. దీని బంధువైన జాక్ బీన్ పంటలో అది మామూలే.

ఈ చివరి సంగతి వ్యాప్తికి చాలా ముఖ్యం. 1955లో హెర్బర్ట్ బేకర్ అనే శాస్త్రవేత్త గట్టిగా చెప్పిన సూత్రం ఒకటి ఉంది: దూర ప్రయాణం చేసి ఒంటరిగా దిగిన మొక్కల్లో, తన పుప్పొడితో తానే గింజ కట్టగలిగినవే ఎక్కువగా నిలుస్తాయి. ఒంటరి గింజకు పక్కన జత ఉండదు గదా. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆత్మపరాగసంపర్కం సాధ్యమైనంత మాత్రాన ఈగ అక్కరలేదని కాదు. పువ్వును తెరిచి పుప్పొడిని కీలాగ్రం మీద రుద్దే తోపు ఎవరో ఒకరు ఇవ్వాలి. పైగా ఒకే తీగ తిన్నెనంతా కప్పినప్పుడు, తేనెటీగ పువ్వు నుంచి పువ్వుకు తిరిగినా అది అదే మొక్క పుప్పొడిని అదే మొక్కకు అందిస్తుంది. తుమ్మెద దూరం ఎగురుతుంది, ఒక తిన్నె నుంచి మరో తిన్నెకు పోగలదు. కాయలు పట్టడానికి తేనెటీగ చాలినా, వేర్వేరు మొక్కల రక్తం కలవడానికి తుమ్మెద లాంటి పెద్ద ఈగ అవసరం.

కాయల లెక్కలో ఒక హెచ్చరిక. చిక్కుడు కుటుంబంలో చాలా మొక్కలు పూసిన పూలలో ఎక్కువ భాగాన్ని రాల్చివేస్తాయి. పరాగసంపర్కం బాగా జరిగినా ఒక పూగుత్తికి ఒకటి రెండు కాయలే నిలవడం సహజం. అందుకే కాయల సంఖ్యను విడిగా చూడకుండా, సంచి ఉన్నవాటినీ లేనివాటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి. మొగ్గల్లో గుండ్రని రంధ్రాలు కనిపిస్తే అది ఈగల లోపం కాదు. బఠాణీ నీలి సీతాకోకచిలుక గొంగళిపురుగు పని అయి ఉంటుంది. పూగుత్తి కణుపుల దగ్గర చీమలు తిరుగుతుంటే వాటిని తరిమివేయవద్దు. పువ్వుకు బయట ఉన్న తేనెగ్రంథుల కోసం అవి వస్తాయి, వచ్చి పురుగులను కొంతవరకు దూరంగా ఉంచుతాయి.

తుమ్మెదల కొరత గురించి మా తీరపు అనుభవం ఒకటి చెప్పాలి. మత్స్యకారుల పాకలు, వెదురు కంచెలు, తాటి దూలాలు ఉన్న తీరాల పక్కన తుమ్మెదలు పుష్కలంగా ఉంటాయి, అక్కడి తమ్మతీగల మీద కాయలు కూడా దండిగా కనిపిస్తాయి. పాకలు పోయి సిమెంటు గోడలు, బీచ్ రోడ్డు, విద్యుద్దీపాలు వచ్చిన చోట పూలు అంతే ఉన్నా కాయలు తక్కువగా ఉండటం గమనించాను. ఇది కేవలం చూపుతో గ్రహించినది. మనుషుల తొక్కుడు, మట్టి మార్పు కూడా కారణం కావచ్చు. అయినా తుమ్మెదకు గూడు కట్టుకునే ఎండుకర్ర కావాలన్నది తిరుగులేని విషయం. దట్టమైన సరుగుడు తోటల నీడలో తీగ పూయడమే తగ్గిపోతుంది, అది వేరే సమస్య.

మీ దగ్గర కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఆస్ట్రేలియాలో పసుపు, నలుపు రంగుల పెద్ద తుమ్మెదలతో పాటు లోహపు ఆకుపచ్చ రంగులో మెరిసే తుమ్మెదలు ఉన్నాయి. ఆ ఆకుపచ్చవి గ్రాస్‌ట్రీ అనే అక్కడి మొక్క ఎండు పూకాడల్లోనూ, ఎండిన బ్యాంక్సియా అనే చెట్టు మానుల్లోనూ గూళ్ళు కడతాయి. వాటిలో జైలోకోపా ఎరేటస్ అనే జాతి విక్టోరియా నుంచీ, దక్షిణ ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం నుంచీ గత శతాబ్దపు తొలి భాగంలోనే కనుమరుగైంది. దక్షిణ ఆస్ట్రేలియాలో అది కంగారూ దీవిలో మాత్రమే మిగిలింది, న్యూ సౌత్ వేల్స్‌లో కూడా కొన్ని చోట్ల ఉంది. అడవి మంటలు, గూడు కర్ర లేకపోవడం అందుకు ముఖ్య కారణాలు. అందుచేత తీగ వాతావరణం అనుకూలించి ఎంత దక్షిణానికి పోయినా, అక్కడ సరైన ఈగ దొరకకపోవచ్చు.

ఇంకొక సంగతి మీ పరిశీలనను విలువైనదిగా చేస్తోంది. 2022 జూన్‌లో న్యూకాజిల్ ఓడరేవు దగ్గర తేనెటీగల పెట్టెల్లో, వాటిని పట్టి పీడించే వరోవా అనే పేను బయటపడింది. దాన్ని పూర్తిగా నిర్మూలించే ప్రయత్నాన్ని 2023 సెప్టెంబరులో విరమించి, దానితో సర్దుకుని నడిచే పద్ధతికి మారారు. ఈ పేను వ్యాపించిన దేశాల్లో, మందు వేసేవారు లేని అడవి తేనెటీగల గూళ్ళు బాగా తగ్గిపోయాయి. మీ తీరంలో కూడా అదే జరిగితే తమ్మతీగకు ఇప్పుడున్న ముఖ్యమైన అతిథులు కొన్నేళ్ళలో పలుచబడతారు. అప్పుడు కాయలు తగ్గుతాయా, లేక స్థానిక ఈగలు ముందుకు వస్తాయా అన్నది చెప్పగలగాలంటే తగ్గక ముందటి లెక్క ఉండాలి. కనుక మీరు ఈ వేసవిలోనే ఒకే తిన్నెను ఎంచుకుని, ఒకే సమయంలో, ఏ ఈగ ఎన్ని పూల మీద ఎలా వాలింది, ఎన్ని కాయలు నిలిచాయి అన్నది రాయడం మొదలుపెట్టండి. ఏటా అలాగే చేస్తే అది ఎవరికైనా ఉపయోగపడే పత్రం అవుతుంది.

చివరిగా, పీకడం గురించి. ఈ తీగ ఆస్ట్రేలియాకు పరాయిది కాదు, ఆ ఖండపు ఉత్తర తీరంలో ఎప్పటి నుంచో ఉన్న స్థానిక జాతి. అది తనంతట తాను సముద్రం వెంట దక్షిణానికి జరుగుతోంది. మీ తీరాన్ని నిజంగా పాడుచేసినది బిటూ బుష్ అనే దక్షిణాఫ్రికా పొద. అది 1908లో న్యూకాజిల్ ప్రాంతానికి వచ్చింది; ఇసుకను నిలబెట్టడానికని 1946 నుంచి 1968 వరకు అక్కడి వారే దాన్ని తిన్నెల మీద నాటారు, తరువాత అది తీరమంతా కమ్ముకుంది. తమ్మతీగ ఇసుకను పట్టి ఉంచుతుంది, వేరు బుడిపెల్లోని రైజోబియా అనే బాక్టీరియాల సాయంతో నత్రజనిని స్థిరీకరించి పేద ఇసుకను సారవంతం చేస్తుంది. అక్కడి అరుదైన మొక్కను ఏదైనా ఇది కప్పివేస్తున్నట్టు కనిపిస్తే ఇసుక తిన్నెలను కాపాడే స్థానిక డ్యూన్‌కేర్ బృందానికో కౌన్సిల్‌కో చెప్పండి, నిర్ణయం వారిని తీసుకోనివ్వండి. అలాగే ముచ్చటపడి గింజలను ఇంకా దక్షిణాన నాటవద్దు; మొక్క తనంతట వచ్చిందా, మనిషి తెచ్చాడా అన్న తేడా చెరిగిపోతే వ్యాప్తిని అధ్యయనం చేసే ఆధారమే పోతుంది. ఫలకం పెట్టి రక్షించిన తీరాల్లో గింజ ఏరడానికి, సంచి కట్టడానికి అనుమతి కావాలి, అది ముందే తీసుకోండి.

మన తమ్మకాయ లాగే ఉంది గదా అని కాయలు వండుకోవాలనే ఆలోచన వస్తే దాన్ని మానుకోండి. గింజల్లో కనవానిన్ అనే విషపూరిత అమైనో ఆమ్లం, రక్తకణాలను గడ్డకట్టించే లెక్టిన్ అనే ప్రోటీన్ ఉంటాయి. మంగళూరు విశ్వవిద్యాలయం వారు పడమటి తీరపు కనవాలియా గింజలను పరీక్షించి ప్రోటీన్ దండిగా ఉందని చెప్పారు, ఈ హానికర పదార్థాలు ఉన్నాయనీ చెప్పారు. ఇంట్లో పిల్లలు ఆ గింజలతో ఆడుతుంటే నోట్లో పెట్టుకోకుండా చూడండి.

పరీక్ష మొదలుపెట్టాక సంచి కట్టిన పూగుత్తుల ఫొటోలు, తేనెటీగ లోపలికి పోతున్న వీడియో ఇక్కడ పెట్టండి. ఏ దారిన పోతోందో చూసి చెబుతాను.